పదో దర్శనీయ స్థలం

తెల్లారి లేవగానే భ్రమరాంబకి ముందు గుర్తొచ్చేది గ్యాసు బండ. అది పేలలేదని రూఢి చేసుకున్నాక వీధి తలుపు. దొంగలు పడలేదని తేలాక నీళ్ళ ట్యాంకు, అందులో ఏ పిల్లి పడి చచ్చిందోనని. ఇవన్నీ కాఫీ తాగేలోపు తేలిపోతాయి. కూతురి సంగతి మాత్రం సాయంత్రం అది ఇంటికొచ్చి చెప్పులు విప్పేదాకా తేలదు.

కూతురు హిమజ నగరం నడిబొడ్డున ఒక రక్తపరీక్షల సెంటర్లో కొత్తగా చేరింది. తొమ్మిదింటికల్లా అక్కడుండి, పరగడుపున వచ్చి కూర్చున్నవాళ్ళ దగ్గర రక్తం తీయాలి. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. నెలాఖరుకి మేనేజరమ్మ ఉంచుకుంటే ఉంచుకుంటుంది, పొమ్మంటే పొమ్మంటుంది. ఆవిడకి ఈ లోకంలో గిట్టనిది ఒక్కటే, ఆలస్యం. హిమజకి ఆలస్యమయ్యేది బస్సులో కాదు, ట్రాఫిక్‌లో కాదు. సొంత ఇంటి గేటు దగ్గర.

“బస్సులో తలుపు దగ్గర నిలబడకు. మధ్యలోనూ నిలబడకు, జేబుదొంగలుంటారు. కిటికీ పక్కన కూర్చోకు, పై నుంచి ఎవడో ఉమ్ముతాడు.”

“మరెక్కడ కూర్చోనే అమ్మా, డ్రైవరు ఒళ్ళోనా?”

“చున్నీ ముడేసుకో. లిఫ్టులో ఒక్కదానివీ ఎక్కకు. నిండా జనం ఉన్నా ఎక్కకు, తాడు తెగుతుంది. సూదులతో జాగ్రత్త.”

“సూది గుచ్చేది నేనమ్మా.”

“అందుకే చెప్తున్నా. ఎవడైనా భయపడి చెయ్యి విదిల్చాడనుకో, తిన్నగా నీ కంట్లోకే!”

హిమజ గేటు దాటి సందు మలుపు దాకా వెళ్తుంది. సరిగ్గా అప్పుడు భ్రమరాంబకి ఇంకొకటి గుర్తొస్తుంది. “హిమా!” అని కేకేస్తుంది. కేకేశాక నాలిక కరుచుకుంటుంది. బయల్దేరిన మనిషిని వెనక్కి పిలవకూడదాయె! ఆ దోషం పోవాలంటే పిల్ల వెనక్కి వచ్చి, అరుగు మీద కూర్చుని, చెంబులో నీళ్ళు గుక్కెడు తాగి, మళ్ళీ మొదటినుంచి బయల్దేరాలి. మొదటినుంచి అంటే మొదటి జాగ్రత్త నుంచి. ఒంటి తుమ్ము వినబడినా ఇదే వరస. ఎదురింటి తాతగారు ఒకసారి తుమ్మి ఊరుకుంటే ఆ వేళ హిమజ మళ్ళీ అరుగు మీదే.

భ్రమరాంబ మొగుడు కోదండం విత్తనాల కంపెనీలో గుమాస్తా. ఆయన పెళ్ళైన కొత్తలోనే దీనికి ఉపాయం కనిపెట్టాడు. స్నానాల గది పక్క సందులోంచి చప్పుడు చేయకుండా జారుకుంటాడు. ఒకసారి హిమజ కూడా అలాగే జారుకుంది. భ్రమరాంబ పోలీసులకి ఫోన్ చేసింది.

అలాంటి ఒక పొద్దున్న ఓ పొడుగాటి తెల్లాయన మ్యూజియానికి వెళ్ళబోయి దారి తప్పి ఆ సందులోకి వచ్చాడు. వచ్చి, గేటు ముందు నిలబడి, హిమజ చివరిసారి బయల్దేరేదాకా నోరు తెరుచుకుని చూశాడు. మర్నాడు కూడా వచ్చాడు. తన దేశం వెళ్ళి ఇంటర్నెట్‌లో రాశాడట: కోట బాగుంది, మ్యూజియంలో మెట్లెక్కువ, కానీ ఈ నగరానికి వెళ్ళినవాళ్ళు తప్పక చూడవలసింది గేటు దగ్గరి తల్లి అని.

అది మహానగర దర్శనీయతా సంస్థ కంట్లో పడింది. ఈ నగరానికి దర్శనీయ స్థలాలు పది ఉండాలని ఎప్పుడో తీర్మానించారు. అందులో పదోది గడియారం గోపురం. దానికి మరమ్మతులంటూ హిమజ ఒకటో తరగతిలో చేరిన ఏడాది పచ్చ గుడ్డ కప్పారు. ఇప్పుడు ఆ గుడ్డకే మరమ్మతులు కావాలి. పైగా సంస్థ అధికారులు ఈమధ్యే విదేశం వెళ్ళి శిక్షణ పొంది వచ్చారు. రాళ్ళకి కాలం చెల్లిందని, ఇక చూపించవలసింది సజీవ వారసత్వాన్నని అక్కడ వాళ్ళకి తెలిసింది.

సర్కారు కారొకటి గేటు ముందు ఆగగానే భ్రమరాంబకి పెరట్లో అనుమతి లేని రేకుల షెడ్డు గుర్తొచ్చింది. కారులోంచి దిగినాయన పేరు పరబ్రహ్మం. సంస్థ ఉపసంచాలకుడు.

“తమరేనా భ్రమరాంబ గారు?”

“ఆ షెడ్డు మేం రాకముందు నుంచీ ఉందండి. మా ఆయన్ని అడగండి.”

“షెడ్డు మా పరిధిలోనికి రాదు. సంస్థ తీర్మానం మేరకు తమరిని నగరపు పదవ దర్శనీయ స్థలముగా గుర్తించడమైనది.”

“నన్నా?”

“తమరిని, గేటును, అరుగును, నీళ్ళ చెంబును. సంయుక్తముగా.”

“మరి మా పిల్ల?”

“కుమార్తె గారు స్థలములో చలించు భాగము.”

అప్పుడే లోపల్నుంచి తువ్వాలుతో వచ్చిన కోదండం ఆశగా అడిగాడు, “నేనో సార్?”

పరబ్రహ్మం ఆయన్ని పైనుంచి కింది దాకా చూశాడు. “తమరు పరిసర ప్రాంతము. తమరిలో మార్పులు చేర్పులు చేయునపుడు సంస్థ అనుమతి పొందవలెను.”

“మీసాలు తీసేయాలనుకుంటున్నానండి.”

“దరఖాస్తు చేసుకొనండి.”

భ్రమరాంబ కొంగు నలుపుకుంటూ మెల్లగా అంది, “ఒద్దు అనొచ్చా అండీ?”

పరబ్రహ్మం చేతిలోని ఫైలు తిరగేశాడు. “దర్శనీయ స్థలము అభ్యంతరము తెలిపిన దృష్టాంతము లేదు. కోట ఇంతవరకు ఏమియు అనలేదు.”

ఆవిడకి శాలువా కప్పి ఫొటో తీసుకుని వెళ్ళిపోయారు. పొయ్యి దగ్గర అంటుకుంటుందని ఆ శాలువాని భ్రమరాంబ వెంటనే బీరువాలో పెట్టేసింది.

మర్నాడే గేటు పైన నీలం బోర్డు వెలిసింది. ‘పదవ దర్శనీయ స్థలము: కన్నతల్లి సాగనంపు.’ సందు మొదట్లో బస్సు ఆగింది. గొడుగుకి రంగు రిబ్బను కట్టుకుని, చేతిలో మైకుతో గైడు దిగాడు.

“సలాం అమ్మా. నా పేరు ఇక్బాల్. మొన్నటిదాక కోట కాడ చేసిన. కోట కన్నా మీరే నయం, ఎక్కనీకి మెట్లు లెవ్వు.”

“ఆ గొడుగు చువ్వ ఎవరి కంట్లోనూ పొడవకుండా చూసుకో నాయనా.”

ఇక్బాల్ ఆ మాటని మైకులో తనకి వచ్చిన భాషలన్నిటిలోనూ చెప్పాడు. బస్సు జనం చప్పట్లు కొట్టి గొడుగుకి దూరంగా జరిగారు.

నిజం చెప్పాలంటే మొదట్లో భ్రమరాంబకి బాగానే ఉంది. ఇన్నేళ్ళుగా మొగుడు సగంలో జారుకుంటాడు, కూతురు చెవుల్లో ఏవో పెట్టుకుంటుంది. ఇప్పుడు ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో వచ్చి తన జాగ్రత్తలు కళ్ళు పెద్దవి చేసుకుని వింటున్నారు. ఆవిడ వాళ్ళకీ చెప్పసాగింది. టోపీ పెట్టుకోమని ఒకడికి, రోడ్డు మీద పుచ్చకాయ ముక్క తినొద్దని ఇంకొకామెకి. “ఆ బోర్డు కింద నిలబడకండర్రా, మేకులు సరిగ్గా కొట్టలేదు” అని ఓ రోజు అంది. వాళ్ళు పక్కకి జరిగారు. మర్నాడు బోర్డు ఊడి పడింది. వంద భయపడితే ఒకటి నిజం కాదూ మరి! కానీ ఆ సంగతి హోటళ్ళ దాకా పాకింది. ఆ నగరానికి వచ్చిన యాత్రికుడెవడూ ముందు ఆవిడ దగ్గరికి వచ్చి, ఏది తినొచ్చో ఎక్కడ నిలబడొచ్చో కనుక్కోకుండా కాలు బయట పెట్టడం లేదు.

రెండో వారంలో పరబ్రహ్మం మళ్ళీ వచ్చాడు, మొహం ముడుచుకుని.

“తమరి భయములపై సంస్థకు ఆక్షేపణలున్నవి. నిన్న తమరు గుంతలు, కుక్కలు, వేలాడు కరెంటు తీగలు, మూతలేని కాలువలు ప్రస్తావించిరి.”

“ఉన్నాయి కదండీ.”

“ఉండుట వేరు, భయపడుట వేరు. నగర ప్రతిష్ఠకు భంగము కలిగించు భయములు ఇకపై పడరాదు. దిష్టికి భయపడవచ్చును. గ్రహణమునకు భయపడవచ్చును. దెయ్యములకు ప్రత్యేక ప్రోత్సాహము గలదు.”

“నాకు దెయ్యాలంటే భయం లేదండీ. అవి లారీలు నడపవుగా.”

“అభ్యసించండి.”

ఆ తర్వాత తుమ్ముల గొడవ మొదలైంది. సందులో దుమ్ము, బస్సుల పొగ, పైగా ఎదురింట్లో రోజూ మిరపకాయల పోపు. యాత్రికులు తుమ్మకేం చేస్తారు? ఒకడు ఒంటి తుమ్ము తుమ్మితే హిమజ వెనక్కి రావాలి. వచ్చి కూర్చోగానే జనానికి ఆనందం. నీళ్ళు తాగుతుంటే ఫొటోలు. మళ్ళీ లేచి మలుపు చేరేసరికి ఇంకొకడి తుమ్ము. సంస్థ వెంటనే చర్య తీసుకుంది. ‘సందర్శకులు ఒంటిగా తుమ్మరాదు. తుమ్మినచో సరిసంఖ్యలో తుమ్మవలెను’ అని గోడకి రాయించి, తుమ్ముల పర్యవేక్షకుణ్ణి ఒకాయన్ని వేసింది. ఆయనకి దుమ్ము పడదు.

హిమజ తెలివైన పిల్ల. పెందలాడే వెళ్ళిపోదామని ఒకరోజు చీకటితోనే తయారైంది. గేటుకి గొలుసు, గొలుసు పక్కన కుర్చీలో కావలివాడు.

“దర్శన వేళకు ముందు స్థలంలో ఏ భాగమూ కదలకూడదంట మేడమ్. సార్ ఆర్డరు.”

“మా ఇల్లండీ ఇది!”

“కోటను గూడ ఎవరో కట్టుకున్నదే గదా మేడమ్.”

ఆ సాయంత్రం హిమజ ఇంటికొచ్చి చెప్పులు విప్పలేదు. అలాగే వంటింటి గుమ్మంలో నిలబడింది.

“మేనేజరు పిలిచిందమ్మా. రేపు నా సంగతి తేలుస్తుందిట. తొమ్మిదింటికల్లా నేను లోపలుంటే ఉద్యోగం ఖాయం. లేకపోతే ఇక రానక్కర్లేదంది.”

“అయ్యో, రేపు తొందరగా పంపించేస్తాలేవే.”

“ఎలా పంపిస్తావు? రేపేగా ఆ విదేశీ బృందం వచ్చేది!”

అవును మరి. ఖండాంతర సందర్శక సమాఖ్య అని ఒకటుందిట. వాళ్ళు వచ్చి చూసి ముద్ర వేస్తే నగరం పేరు ప్రపంచ పటానికెక్కుతుందిట. రేపు సాగనంపు సంపూర్ణంగా, తక్కువలో తక్కువ అయిదు వెనక్కి పిలుపులతో జరగాలని పరబ్రహ్మం మధ్యాహ్నమే చెప్పి వెళ్ళాడు.

“లిఫ్టు అంటే భయపడతావు. సూదంటే భయపడతావు. పుచ్చకాయంటే భయపడతావు” అంది హిమజ. “నీకు భయం లేనిది ఒక్కటేనమ్మా. నా ఉద్యోగం.”

భ్రమరాంబ పొయ్యి వైపు తిరిగింది. ఆ రాత్రి పులుసులో ఉప్పు వేయడం మరిచిపోయింది. కోదండం ఏమీ అనకుండా తిన్నాడు. పరిసర ప్రాంతం కదా, ఏమంటే ఏం తంటానో.

పొద్దున్నే సందంతా తోరణాలు. బోర్డుకి కొత్త మేకులు. సమాఖ్య వాళ్ళు మెళ్ళో చామంతి దండలతో కుర్చీల్లో కూర్చున్నారు. వాళ్ళ వెనకాల మామూలు యాత్రికులు, గోడలెక్కి మరికొందరు. పరబ్రహ్మం కోటు తొడుక్కుని వచ్చాడు. కావలివాడు గొలుసు తీశాడు.

“దిష్టి తగుల్తుంది, జాగ్రత్త” అంది భ్రమరాంబ నీరసంగా. “దెయ్యాలతో మాట్లాడకు.”

హిమజ తల్లి మొహంలోకి చూసి బయల్దేరింది. గేటు దాటింది. కుడికాలి చెప్పు వారు తెగిపోయేలా ఉంది. భ్రమరాంబ కళ్ళు దాని మీదే. పిల్ల మలుపు దగ్గరికి చేరుతోంది. పరబ్రహ్మం వెనకనుంచి గుసగుసగా, “పిలవండి, పిలవండి” అన్నాడు. భ్రమరాంబ పెదాలు బిగించింది.

అంతలో ముందు వరసలో ఒక తెల్లజుట్టు పెద్దావిడ, చామంతి పుప్పొడి ముక్కులోకి పోయిందేమో, తుమ్మింది. ఒక్కసారే.

తుమ్ముల పర్యవేక్షకుడు చేతిరుమాలుతో పరిగెత్తి ఆవిడ ముందు మోకరిల్లాడు. “రెండోది మేడమ్, దయచేసి రెండోది!” ఆవిడకి రాలేదు. ఆయనకి వచ్చింది. లెక్కలోకి తీసుకోవచ్చునా అని పరబ్రహ్మం నిబంధనలు గుర్తు తెచ్చుకుంటున్నాడు.

మలుపులో హిమజ ఆగిపోయింది. అలవాటైపోయిన కాళ్ళు. వెనక్కి తిరిగి ఇటు నడవబోయింది. ఆ మొహం భ్రమరాంబ కంట్లో పడింది. గ్యాసు బండ, లారీలు, లిఫ్టు తాళ్ళు అన్నీ ఒక్కసారిగా మాయమై ఒకే ఒక్క భయం మిగిలింది. పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ అనని మాట గొంతులోంచి దూసుకొచ్చింది.

“పరిగెత్తు!”

“అమ్మా?”

“పరిగెత్తవే! తుమ్మితే తుమ్మారు! వెనక్కి చూడకు, పరిగెత్తు!”

హిమజ చున్నీ నడుముకి చుట్టుకుని పరిగెత్తింది.

ఇక్బాల్‌కి పని అంటే పని. ఆవిడ నోటినుంచి ఏది వస్తే అది మైకులో చెప్పడమే. “పరిగెత్తండి!” అని అన్ని భాషల్లోనూ అరిచాడు.

బోర్డు సంగతి తెలిసిన యాత్రికులు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఆ తల్లి చెప్పిందంటే ఊరికే చెప్పదు. మొదట వెనక వరస లేచింది. తర్వాత గోడల మీది వాళ్ళు దూకారు. సమాఖ్య వాళ్ళు దండలతో సహా లేచి పరుగు లంకించుకున్నారు. తుమ్మిన పెద్దావిడ అందరికంటే ముందుంది.

“ఏమైనది? ఏమి సంభవించినది?” అని కేకలేశాడు పరబ్రహ్మం.

“నాకేమెరుక సార్! అమ్మ ఉరకమంటే ఉరకాలె!” అంటూ ఇక్బాల్ గొడుగు పైకెత్తి ఉరికాడు. పరబ్రహ్మం కోటు పట్టుకుని వెనకాలే. స్నానాల గది పక్క సందులోంచి అప్పుడే జారుకుంటున్న కోదండం, భూకంపమనుకుని టిఫిను డబ్బాతో వాళ్ళలో కలిశాడు. కుక్కలకి ఇంతకన్నా ఏం కావాలి? అవీ కలిశాయి.

పెద్ద రోడ్డు మీద ట్రాఫిక్ పోలీసు సమాఖ్య వాళ్ళ మెడల్లో దండలు చూసి, ఇదేదో సర్కారు వారి పరుగనుకుని, నాలుగు వైపులా వాహనాలు ఆపేశాడు. అంత ఖాళీ రోడ్డుని హిమజ పుట్టినప్పటినుంచీ చూడలేదు.

తొమ్మిదికి ఇంకా టైముండగానే హిమజ సెంటరు తలుపు తీసింది. మేనేజరమ్మ గడియారం వంక, తర్వాత మెట్ల మీద రొప్పుతున్న జనం వంక చూసింది.

“వీళ్ళందరూ?”

హిమజ వెనక్కి తిరిగి చూసింది.

“పరగడుపునేనా?”

వాళ్ళెవరూ ఆ పూట ఏమీ తినలేదు. భ్రమరాంబని అడగకుండా తినరు కదా! మేనేజరమ్మ కళ్ళల్లో ఉద్యోగం ఖాయమైపోయింది. యాత్రికులు వరసగా కుర్చీల్లో కూర్చుని చేతులు చాపారు. ఇదీ దర్శనంలో భాగమేననుకున్నారు. సమాఖ్య అధ్యక్షుడికి చక్కెర ఎక్కువుందని తేలింది. పరబ్రహ్మానికి రక్తం తక్కువుందని తేలింది.

ఇటు సందులో పడిపోయిన కుర్చీల మధ్య భ్రమరాంబ ఒక్కతే నిలబడి ఉంది. చెప్పు వారు తెగేలా ఉందే, చూసుకో! ఆ మాట గొంతులోనే ఉండిపోయింది. పిలుద్దామని నోరు తెరిచి, కొంగు కుక్కుకుంది. మలుపులో దుమ్ము అణిగేదాకా కొంగు తీయలేదు.

సంస్థ ఊరుకుంటుందా? నిపుణుల సంఘం వచ్చింది. భ్రమరాంబని ఎండలో నిలబెట్టి ముందునుంచీ పక్కనుంచీ చూశారు. ఒకాయన చెంబుని కొట్టి చప్పుడు విన్నాడు. మూడో రోజు పరబ్రహ్మం వచ్చి గంభీరంగా చదివాడు.

“స్థలము యొక్క మౌలిక స్వభావము దెబ్బతిన్నది. భయములో అడుగు భాగమున ధైర్యము వంటి పగులు కానవచ్చినది. కావున పునరుద్ధరణ నిమిత్తము తల్లిని మూసివేయడమైనది.”

“ఎన్నాళ్ళండీ?” అంది భ్రమరాంబ దిగులుగా.

“పనులు పూర్తియగు వరకు.”

“పనులెప్పుడు మొదలవుతాయండీ?”

పరబ్రహ్మానికి ఆ ప్రశ్న అర్థం కాలేదు.

కొత్త గుడ్డకి మంజూరు లేక, గడియారం గోపురం మీది పచ్చ గుడ్డనే విప్పి తెచ్చి ఇంటి ముందు కట్టారు. అక్కడ గుడ్డ తీసి చూస్తే గడియారం భేషుగ్గా నడుస్తోందిట. దాన్ని మళ్ళీ పదో స్థలం చేశారు. కోదండం పచ్చ గుడ్డని ముట్టుకుని చూసి, “ఇది మన హిమ మనవల దాకా ఉంటుందిలే” అని నిశ్చింతగా మీసాలు తీసేసుకున్నాడు.

మర్నాడు పొద్దున్న గేటు దగ్గర చీకటిగా, చల్లగా ఉంది. గొలుసు లేదు, కావలివాడు లేడు. హిమజ కొత్త చెప్పులతో, చాలా ముందుగానే తయారై నిలబడింది.

“బస్సులో తలుపు దగ్గర నిలబడకు” అంది భ్రమరాంబ ఆత్రంగా. “గుంతలు చూసుకో. తీగలు చూసుకో. మూతలేని కాలువ దగ్గర అటు పక్కనుంచి వెళ్ళు. లారీలు...” ఎన్నాళ్ళో దాచుకున్నవన్నీ ఒక్కొక్కటే చెప్పుకుంటుంటే ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. హిమజ చెవుల్లో ఏమీ పెట్టుకోకుండా చివరిదాకా వింది.

పిల్ల గుడ్డ పైకెత్తి ఒక కాలు బయట పెట్టింది.

“హిమా!”

నాలిక కరుచుకుంది. హిమజ నవ్వుతూ వెనక్కి వచ్చి, అరుగు మీద కూర్చుని, గుక్కెడు నీళ్ళు తాగి, లేచింది. మళ్ళీ గుడ్డ ఎత్తబోతుంటే బయట ఎవరో తుమ్మారు.

తల్లీ కూతుళ్ళిద్దరూ ఊపిరి బిగబట్టారు. రెండోది రావడం లేదు. హిమజ చేతి గడియారం చూసుకుంది. భ్రమరాంబ చెంబు వైపు చూసింది.

“ఇగో వస్తున్నది, ఆగుండ్రి అమ్మా!” అని గుడ్డ అవతలనుంచి, గోపురం దగ్గర పనికి పోతూ ఆగిన ఇక్బాల్ గొంతు వినిపించింది. ఆ వెంటనే ముక్కులో ఏదో పెట్టి గెలుక్కున్నట్టుగా, గొడుగూ మైకూ అన్నీ అదిరేలా, రెండో తుమ్ము వచ్చింది.

“చల్లగా ఉండు నాయనా” అంది భ్రమరాంబ. “ఆ జలుబుకి ఏదన్నా మందు వేసుకో, ఛాతీలోకి దిగితే ప్రమాదం.”